పట్టపగటి చీకటిలో కోడి

తన కోడి కూయనిదే ఊరికి తెల్లవారదనుకొన్న ముసలమ్మ కథ తెలుగు పిల్లలందరూ ఎరిగినదే. ఆ కథ మనుష్యుల అహంకారాన్ని వెక్కిరిస్తుంది; కాని అందులో ఒక శాస్త్రప్రశ్న కూడా దాగి ఉన్నది. కోడి వెలుగును చూచి కూస్తుందా? లేక వెలుగు రానున్నదని ముందే ఎరిగి కూస్తుందా? ఈ ప్రశ్నకు ప్రకృతి తానే ఏర్పాటుచేసే పరీక్ష సంపూర్ణ సూర్యగ్రహణం.

అట్టి పరీక్ష ఒకటి 1868 ఆగస్టు 18వ తేదీ ఉదయం మన సీమలోనే జరిగింది. నాడు గుంటూరు సైతం కృష్ణా జిల్లాలోనిదే. ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు జాన్సెన్ గుంటూరులోను, మద్రాసు నక్షత్రశాల అధిపతి పాగ్సన్ మచిలీపట్నంలోను పరికరాలు అమర్చుకొని కూర్చున్నారు. గుంటూరులో అయిదు నిమిషాలకు పైగా సూర్యబింబం పూర్తిగా మరుగుపడింది. సూర్యుని అంచున ఎగసే జ్వాలలు మండే వాయువులేనని ఆనాడు తేటపడింది. వాటి వర్ణపటంలోని పసుపుపచ్చ గీతయే తరువాత హీలియం అనే మూలకానికి ఆచూకీ అయింది. ఆ మూలకం భూమిమీద చిక్కినది 1895లో.

ఆ దుర్భిణులు ఆకాశంవైపు తిరిగి ఉన్నవి. పెరటివైపు చూపు మరల్చినవారూ లోకంలో లేకపోలేదు. 1932 ఆగస్టు 31నాటి గ్రహణానికి అమెరికాలోని బోస్టను ప్రకృతిశాస్త్ర సంఘం జంతువుల నడవడిని గమనించి వ్రాయవలసిందిగా ప్రజలను కోరింది. ఆ వివరాలు 1935లో అచ్చయినవి. గ్రహణం సంపూర్ణం కావచ్చేసరికి కోళ్ళు మేత మాని గూటిదారి పట్టడం, వెలుగు మరలగానే పుంజు కూయడం పలుచోట్ల కనిపించిన ముచ్చట. పాక్షిక గ్రహణంలో ఇంత మార్పు అరుదు; సూర్యునిలో సగం కప్పబడినా మిగిలిన వెలుగు పగటి పనికి చాలును.

ఇందుకు కారణమేమి? కోడి వెలుగును కంటితోనే గ్రహించదు. పలుచని పుర్రెగుండా చొరబడే కాంతిని మెదడులోని కణాలు, పీనియల్ గ్రంథి కూడా పసిగడతాయి. కాని దేహంలోని గడియారం కొద్ది నిమిషాల చీకటికి తారుమారు కాదు. జపానులోని నగోయా విశ్వవిద్యాలయ పరిశోధకులు షిమ్మురా, యోషిమురాలు 2013లో ఈ సంగతి ప్రకటించారు: మార్పులేని మసకవెలుగులో ఉంచినా పుంజులు రోజూ ఇంచుమించు ఒకే వేళకు కూసినవి. అనగా తొలికోడి కూత లోపలి గడియారానిది. గ్రహణం విడిచినప్పటి కూత తిరిగివచ్చిన వెలుగుకు బదులు. ముసలమ్మ కోడికి రెండు విద్యలూ తెలుసును!

1980 ఫిబ్రవరి 16న సంపూర్ణ గ్రహణం తెలంగాణ మీదుగా సాగింది. ఉస్మానియా విశ్వవిద్యాలయంవారి జపాల్-రంగాపూర్ వేధశాలలో శాస్త్రజ్ఞులు దానిని పరిశీలిస్తుండగా, ఎన్నో ఇండ్ల తలుపులు మూతపడ్డవి. లోపల కూర్చున్న పిల్లలు జన్మకొక్కసారి దొరకే పాఠాన్ని కోల్పోయారు. పట్టుస్నానం, విడుపుస్నానం ఎవరి విశ్వాసం వారివి. వాటితో తగవు లేదు. కాని పిల్లవాని ప్రశ్నకు తలుపు మూయడం విశ్వాసం కాదు.

ఉపాధ్యాయులకు ఒక్క మనవి. సూర్యుని తేరిపార చూడరాదు; తగిన కళ్ళద్దాలు కావాలి, లేదా సూదిబెజ్జంగుండా కాగితంపై పడిన బింబాన్ని చూడాలి. కోడిని చూడడానికి మాత్రం ఏ అద్దాలూ అక్కరలేదు. రాబోయే గ్రహణానికి విద్యార్థులను పెరటి కోళ్ళవద్ద నిలపండి. మేత ఎప్పుడు మానినది, తల్లి పిల్లలను ఎప్పుడు రెక్కలక్రిందికి పిలిచినది, గంట, నిమిషం వ్రాయించండి. ‘కోడి ఏమీ చేయలేదు’ అని ఒక బాలుడు వ్రాస్తే దానినీ కొట్టివేయకండి. కళ్ళారా చూచి వ్రాసిన ఆ ఒక్క వాక్యం, వినికిడి మాటలు నూటికన్న విలువైనది.