వేలికొన మీది అంకె

2021 ఏప్రిల్‌లో ఢిల్లీలో ప్రాణవాయువు కరవైన రోజులలో, ఆస్పత్రికి పరుగెత్తాలా, ఇంటనే ఉండాలా అన్నది నేనూ నా ఇరుగుపొరుగువారూ వేలికి తగిలించిన ఆక్సీమీటరు అంకెనుబట్టే నిర్ణయించుకున్నాము. ఎరుపు, పరారుణ కాంతులను వేలిగుండా పంపి ఆ పరికరం నెత్తురులోని ప్రాణవాయువును లెక్కగడుతుంది. చర్మంలోని నల్లని వర్ణకం ఆ లెక్కను తప్పించగలదు.

2020 డిసెంబరులో అమెరికాలోని మిచిగన్ వైద్యులు వెల్లడించిన సంగతి ఇది: పరికరం 92 నుంచి 96 శాతం చూపగా, రక్తపరీక్షలో 88కి దిగువన తేలినవి తెల్లవారి కొలతలలో 3.6 శాతం, నల్లవారి కొలతలలో 11.7 శాతం. ఆపద ముంచుకొస్తున్నా భయం లేదని చెప్పే అంకె ఇది.

గోధుమవన్నె మొదలు కారునలుపు వరకు అన్ని ఛాయలవారూ ఉన్న దేశం మనది. ఏ మేనిఛాయలపై సరిచూశారో అడగకుండా ప్రభుత్వం ఈ పరికరాలను కొనడం తగదు.