గ్రూపు కలిస్తే చాలదు

రాజోలులోనైనా కొత్తపేటలోనైనా ఎవరికైనా రక్తం కావాలనగానే అందరూ ముందు అడిగేది 'ఏ గ్రూపు?' అనే. 1901లో లాండ్‌స్టైనర్ గ్రూపుల గుట్టు విప్పినప్పటి నుంచి ఆ ప్రశ్న లెక్కలేనన్ని ప్రాణాలు నిలిపింది. కానీ ఎర్రకణాల మీద గుర్తులు ఏ, బీ, ఆర్‌హెచ్‌లతో అయిపోవు. కెల్, డఫీ, కిడ్ వంటివి ఇంకా ఎన్నో ఉన్నాయి. తమకు లేని గుర్తున్న రక్తం ఎక్కినప్పుడో, కాన్పులో బిడ్డ రక్తం తల్లి రక్తంలో కలిసినప్పుడో కొందరిలో యాంటీబాడీలు పుడతాయి. మళ్లీ అదే గుర్తున్న రక్తం ఎక్కిస్తే, గ్రూపు కలిసినా, ఆ కణాలు పగిలిపోతాయి. ఒక్కోసారి వారం పది రోజులకు కామెర్లు కనిపిస్తే గానీ సంగతి తెలియదు.

ఈ యాంటీబాడీలను ముందే పట్టేదే యాంటీబాడీ స్క్రీనింగ్. ఏ గుర్తులున్నాయో తెలిసిన 'ఓ' గ్రూపు ఎర్రకణాలను రోగి ప్లాస్మాతో కలిపి, జెల్ కార్డులో 37 డిగ్రీల వేడిమిలో పావుగంట ఉంచి, సెంట్రిఫ్యూజ్‌లో తిప్పుతారు. యాంటీబాడీ లేకుంటే కణాలు అడుగుకు దిగి ఎర్రటి చుక్కలా కూర్చుంటాయి. గట్టిగా ఉంటే పైనే ఎర్రటి గీతలా ఆగిపోతాయి. నెగెటివ్ గ్రూపు గర్భిణులకు రాసే ఐసీటీ (ఇన్‌డైరెక్ట్ కూంబ్స్ టెస్ట్) కూడా ఈ కోవలోదే. రెండింటికీ పునాది 1945లో కూంబ్స్ బృందం వేసింది.

దాత రక్తాన్ని రోగి రక్తంతో కలిపి చూసే క్రాస్‌మ్యాచింగ్ చేస్తున్నాం కదా, ఇదెందుకు అంటారు కొందరు. క్రాస్‌మ్యాచింగ్ చెప్పేది ఎదురుగా ఉన్న ప్యాకెట్ గురించే. కూంబ్స్ దశ లేకుండా సెలైన్‌తో సరిపెడితే ఈ యాంటీబాడీల్లో చాలా మటుకు తప్పించుకుంటాయి. పట్టుకున్నా, అప్పటికి రోగి ఆపరేషన్ బల్ల మీద ఉండొచ్చు. సరిపడే ప్యాకెట్ కోసం యెదుర్లంక వంతెన దాటి కాకినాడ పరుగెత్తాలి. ఇక ఖర్చు మాట నిజమే. స్క్రీనింగ్ కణాలు కొన్ని వారాలకే పాడవుతాయి, చిన్న బ్లడ్ బ్యాంకులో వృథా అవుతాయి. అందుకే అందరికీ ఒకేసారి అనడం లేదు. రెండు నుంచి నాలుగు వారాలకోసారి రక్తం ఎక్కించుకునే తలసేమియా పిల్లలకు, గర్భిణులకు ముందు చేయాలి. ఊళ్లలో శాంపిల్స్ తీసి, వారంలో ఒక రోజున అమలాపురంలో ఒకేచోట పరీక్షిస్తే కణాలు వృథా కావు.

ఫలితాన్ని రోగి చేతికి కార్డు మీద రాసివ్వాలి. ఎందుకంటే యాంటీబాడీ కాలం గడిచేకొద్దీ పరీక్షకు అందనంతగా తగ్గిపోవచ్చు. అయినా శరీరం దాన్ని మరచిపోదు, అదే గుర్తున్న రక్తం ఎక్కగానే యాంటీబాడీ మళ్లీ లేస్తుంది. ఇచ్చేవారి రక్తంలో హెచ్‌ఐవీ, హెపటైటిస్ బీ, సీ, సిఫిలిస్, మలేరియా ఉన్నాయేమోనని తప్పనిసరిగా చూస్తున్నాం. పుచ్చుకునేవారి రక్తం పట్ల కూడా అంత శ్రద్ధ చూపినప్పుడే దాత చేసిన మేలు దక్కుతుంది.