దివిసీమ మడ అడవి

దీవులను చూడటానికి అండమాన్ దాకా వెళ్లనక్కరలేదు. పామర్రు నుండి అవనిగడ్డ మీదుగా నాగాయలంక చేరి పడవ ఎక్కితే కృష్ణా వన్యప్రాణి అభయారణ్యానికి వెళ్లవచ్చు. 1989లో ప్రకటించిన ఈ అడవి సుమారు 195 చదరపు కిలోమీటర్లు.

బురదలో గాలి ఆడదు గనుక మడచెట్ల శ్వాసవేళ్లు మేకుల్లా పైకి పొడుచుకొస్తాయి. రొయ్యపిల్లలు, పీతలు పెరిగేది వాటి సందుల్లోనే. చేపలు పట్టి తినే బావురుపిల్లి కూడా ఇక్కడుంది. రాత్రి తిరిగే జీవి, పగలు కనబడితే అదృష్టమే! చలికాలం ముగిసే రోజుల్లో సముద్రపు తాబేళ్లు ఇసుకతిన్నెలపై గుడ్లు పెట్టిపోతాయి.

1977 నవంబరు 19 నాటి ఉప్పెనను దివిసీమ మరువలేదు. మడ దట్టంగా ఉన్నచోట అలల ఉరవడి తగ్గుతుంది. అయినా రొయ్యల చెరువుల కోసం మడను నరికారు. కనుక చూడబోయేవారిని మేము కోరేది: ప్లాస్టిక్ సంచులు వద్దు, కొమ్మ విరవవద్దు. పోటు వేళ ఎప్పుడో స్థానిక పడవవారినే అడగండి. పాటులో పాయల నీరు తగ్గి పడవ బురదలో దిగబడుతుంది.