మిర్చి యార్డులో రింగ్ అయితే ఎవరిని అడగాలి? హైదరాబాద్‌నా, ఢిల్లీనా?

ముదిగొండలో మిర్చి వేసే ఇళ్లవాళ్లకు ‘జెండా పాట’ గురించి నేను చెప్పక్కర్లేదు. పొద్దున ఖమ్మం యార్డులో మంచి లాటుకు పాడే ధర అది. వాట్సాప్‌లో తిరిగేదీ అదే. మన బస్తాల దగ్గరికొచ్చేసరికి మాత్రం తేమ అంటారు, తాలు అంటారు, రేటు కోస్తారు. ఒక్క ఖరీదుదారు కోస్తే అది బేరం. అందరూ ముందే మాట్లాడుకుని ఒకే రేటు దగ్గర ఆగితే? అదే రింగ్. చట్టం భాషలో కార్టెల్.

2017 ఏప్రిల్ 28 గుర్తుందా? మిర్చి ధర పడిపోయింది. వ్యాపారులు కుమ్మక్కయ్యారని రైతులు మండిపడి మార్కెట్ ఆఫీసు మీద పడ్డారు. పంట ఎక్కువ రావడం కూడా ఒక కారణమే అనుకోండి. కానీ చివరికి కేసులు రైతుల మీద పడ్డాయి, బేడీలతో కోర్టుకు తెచ్చారు. ఆ కుమ్మక్కు మాట తేల్చాల్సింది ఎవరు?

మార్కెట్లు, సంతలు రాజ్యాంగంలో రాష్ట్రం చేతిలో ఉన్నాయి. 1966 మార్కెట్ల చట్టం కింద ఖరీదుదారుకు లైసెన్సు ఇచ్చేది, రద్దు చేయగలిగేది మార్కెట్ కమిటీ. కార్టెల్ అని తేల్చి జరిమానా వేసేది మాత్రం ఢిల్లీలోని కాంపిటీషన్ కమిషన్, అంటే సీసీఐ. పత్తి కొనే సీసీఐ కాదండోయ్, ఇది వేరే! 2002 కాంపిటీషన్ చట్టం 3వ సెక్షన్‌లో అమ్మే ధరతో పాటు కొనే ధర కూడా ఉంది. అంటే కొనేవాళ్ల రింగూ తప్పే. జరిమానా, రింగ్ నడిచిన ప్రతి ఏడాదికీ లాభానికి 3 రెట్లు లేదా టర్నోవర్‌లో 10 శాతం, ఏది ఎక్కువైతే అంత దాకా వేయొచ్చు.

అమెరికాలో రాష్ట్ర అటార్నీ జనరల్ తనే ఫెడరల్ కోర్టుకెళ్లి కేసు వేయగలడు. మన రాష్ట్రానికి అంత లేదు. 19వ సెక్షన్ కింద సీసీఐకి రిఫరెన్స్ పంపొచ్చు, అంతే. అదీ చిన్నదేం కాదు. హర్యానా సప్లైస్ విభాగం సిమెంట్ టెండర్ల మీద అలా పంపితే, 2017 జనవరిలో సీసీఐ 7 కంపెనీలకు మొత్తం 200 కోట్లకు పైగా జరిమానా వేసింది.

రైతు, రైతు సంఘం కూడా ఫీజు కట్టి నేరుగా సీసీఐకి ఫిర్యాదు చేయొచ్చు. అయితే రేట్లు ఒకేలా ఉన్నాయంటే చాలదు, మాట్లాడుకున్నారనే ఆనవాలు కావాలి. అందుకే నాన్న యార్డుకు పోయినప్పుడు మీరూ వెళ్లండి. తక్‌పట్టీ ఫోటో తీయండి. లాటు నంబరు, ఆ రోజు జెండా పాట, మీ లాటుకు ఎంతమంది పాడారో ఫోన్లో రాసుకోండి. తెల్లచీటీ మీద లెక్క రాసిస్తే అక్కడే మార్కెట్ కార్యదర్శి దగ్గరికి పోయి అడగండి.