గోదారి ఎనకకు పారే ఊరు

శుక్రారం రాత్రి గౌతమి ఎక్స్‌ప్రెస్ ఎక్కితే కాజీపేట, వరంగల్, ఖమ్మం, బెజవాడ దాటుకుంట తెల్లారేసరికి కాకినాడల దింపుతది. ఆడికెళ్లి యానాం సుమారు ముప్పై కిలోమీటర్లు. శనివారం, ఐతారం తిరిగి మళ్ల అదే రైలెక్కితే సోమారం పొద్దుగాల పనిమీద ఉండొచ్చు. ఈ మధ్య మన పోరగాళ్లు మస్తు మంది పోతుండ్రు. ఎందుకు పోతుండ్రో దాసుడెందుకు? యానాంల మందు అగ్గువ. నది ఒడ్డు రీల్స్‌కు మంచిగుంటది. మేం ఐదుగురం గూడ గా రెండింటి కోసమే పోయినం. వచ్చినంక చెప్పాల్సింది మాత్రం వేరే ఉన్నది.

మన గోదారి ఆడ ఎనకకు పారుతది. ఈ ముచ్చట తెల్వకుంట నీళ్లల్ల దిగినోడు పానం మీదికి తెచ్చుకుంటడు.

యానాం చుట్టూ ఆంధ్రనే, గని యానాం ఆంధ్ర కాదు. ఫ్రెంచోళ్లు ఏలిన ఊరు. 1954ల వాళ్ల చేతులకెళ్లి బయటపడ్డది, చట్టం ప్రకారం మన దేశంల కలిసింది 1962ల. ఇప్పటికీ పుదుచ్చేరి కిందనే ఉంటది. మాట తెలుగు, సర్కారు పుదుచ్చేరిది. గందుకే పన్నులు వేరు, మందు ధర వేరు. ఊరి పక్కపొంటి పారేది గౌతమి, అంటే ధవళేశ్వరం కాడ చీలిన గోదారి పాయ. సముద్రం ఇంక కొన్ని కిలోమీటర్లే.

మనకు ఎరుకున్న గోదారి వేరే. కందకుర్తి కాడ తెలంగాణల అడుగువెట్టి బాసర, ధర్మపురి, కాళేశ్వరం, భద్రాచలం పొంటి పోతది. మన తాన గోదారికి ఒక్కటే దిక్కు, కిందికి. నీళ్లు పెరిగినయంటే మీద వాన పడ్డట్టు, లేకుంటే గేట్లెత్తినట్టు. చిన్నప్పటిసంది గీ లెక్కతోనే నీళ్లల్ల దిగినం. గా లెక్క యానాంల పనిచెయ్యదు.

బురదల దిగవడ్డ దోస్తు

ఐతారం పొద్దుగాల ఊరికి కింది దిక్కు నది ఒడ్డుకు పోయినం. నీళ్లు దూరం జరిగి ఉన్నయ్. నడుమ నున్నగ బురద మేట తేలింది. మా దోస్తొకడు, ఈత మంచిగొచ్చినోడే, ఫొటో కోసం చెప్పులిడిసి దిగిండు. పది అడుగులు పోయిండో లేదో పిక్కల దాంక దిగవడ్డడు. కాలు గుంజినకొద్ది ఇంకో కాలు లోపలికి పోయింది. మేం నవ్వుకుంట వీడియో తీస్తున్నం.

ఒడ్డున వల సదురుతున్న ముసలాయన కేకేసిండు. "బాబూ, కదలకండి! పోటు మొదలైందండి. కాసేపట్లో అక్కడికి నీరొచ్చేస్తుంది!"

"నీళ్లు గంత దూరమున్నయ్ గద తాతా" అన్నం మేం.

ఆయన మాతోని వాదన పెట్టుకోలే. నావలకెళ్లి రెండు చెక్కలు తెచ్చి బురద మీద పరిచిండు. "ఎనక్కి వాలిపో బాబూ, కూర్చున్నట్టు. బరువంతా కాళ్ల మీద పెట్టకు" అనుకుంట మెల్లగ ఒక్కో కాలు కదిలిపిచ్చి, వాన్ని చెక్క మీదికి గుంజిండు. అర్ధగంట పట్టింది. అప్పటికే నీళ్లు మేట అంచుకొచ్చినయ్. మధ్యాహ్నం మళ్ల పోయి చూస్తే వాడు ఇరుక్కున్న తాన నడుముల లోతు నీళ్లు. మీద వాన లేదు, గేట్లెత్తింది లేదు. నీళ్లు మీదికెళ్లి రాలే, సముద్రం దిక్కుకెళ్లి వచ్చినయ్.

పోటంటే ఏంది, పాటంటే ఏంది

చందమామ, సూర్యుడు సముద్రపు నీళ్లను గుంజుతయ్. భూమి తిరుగుతుంటది గనుక మన తూర్పు తీరంల రోజుకు రెండుసార్లు నీళ్లు లేస్తయ్, రెండుసార్లు దిగుతయ్. లేసుడు పోటు, దిగుడు పాటు. ఒకదానికెళ్లి ఇంకోదానికి ఆరు గంటల మీద చిల్లర పడుతది. ఈ టైం దినాం సుమారు 50 నిమిషాలు ముందుకు జరుగుతది. నిన్న పదింటికి నీళ్లు దిగి ఉంటే ఇయ్యాల పదకొండు దగ్గర దిగుతయ్. "నిన్న గిదే టైంకు దిగినం, ఏం కాలే" అనే మాట ఆడ చెల్లదు. అమాస, పున్నమి దగ్గర చందమామ, సూర్యుడు ఒక్క వరుసల ఉండి గుంజుతయ్ గనుక పోటు ఇంక పెద్దగుంటది, పాటు ఇంక లోపలికి దిగుతది.

నది మూతి కాడ ఇంకో తిరకాసు ఉన్నది. ఉప్పునీళ్లు బరువు, మంచినీళ్లు తేలిక. పోటొచ్చినప్పుడు ఉప్పునీళ్లు నది అడుగుకెళ్లి మీదికి జొరవడుతయ్, పైన మంచినీళ్లు కిందికి పోతనే ఉంటయ్. పైన ఒక దిక్కు, అడుగున ఇంకో దిక్కు. ఒడ్డున నిలవడి చూసేటోనికి నీళ్లు నిలవడ్డట్టే కనవడుతయ్. ఇగ పాటు మొదలైతే పోటుతో వచ్చిన నీళ్లు, ఆగి ఉన్న నది నీళ్లు కలిసి ఒక్కపారే సముద్రం దిక్కు ఉరుకుతయ్. ఎంత ఈతగాడైనా గా గుంజుడుకు ఎదురీదలేడు. అడ్డంగ, ఒడ్డు దిక్కు ఈదుడొక్కటే తొవ్వ.

2019 సెప్టెంబర్ 15న పాపికొండల దిక్కు పోయిన పడవ కచ్చులూరు కాడ మునిగింది. పదుల మంది పోయిండ్రు. వాళ్లల్ల మన ఓరుగల్లు దిక్కోళ్లు గూడ ఉన్నరు. అది వరద గోదారి, పోటు ముచ్చట కాదు. గని దానికెళ్లి నేర్సుకునేది మాత్రం ఒక్కటే. మనం సుట్టానికి పోయినట్టు రెండ్రోజుల కోసం పోతం. నది గుణం ఆడ బతికేటోళ్లకు ఎరుక. వాళ్లను అడగకుంట దిగుడు తప్పు.

సముద్రం పెద్దగ వస్తే?

దినాం వచ్చే పోటు నడుముల లోతు. మరి తుపాను వెనకపడి సముద్రం ఎగవడితే? దాన్నే ఉప్పెన అంటరు. యానాం, కాకినాడ నడుమ కోరంగి ఉన్నది. ఒకప్పుడు పెద్ద రేవు. ఈ దిక్కుకెళ్లి తెలుగోళ్లు బర్మాకు కూలికి పోయిండ్రు. గందుకే ఆడ మనోళ్లకు కోరంగీలని పేరు పడ్డది. 1789ల ఒకపారి, 1839 నవంబర్ 25న ఇంకోపారి ఉప్పెన ఆ ఊరిని ముంచింది. రెండోదాని తర్వాత రేవు మళ్ల లేవలే. ఇంగ్లీషుల 'సైక్లోన్' అనే మాట పుట్టింది గూడ మన బంగాళాఖాతం తుపాన్లతోనే. వాటి లెక్కలు తీసిన హెన్రీ పిడింగ్టన్ 1848ల అచ్చయిన తన పుస్తకంల ఆ పేరు పెట్టిండు. మన నాయినల కాలంల, 1996 నవంబర్ 6న, కాకినాడ, యానాం దిక్కే తుపాను తాకింది. వెయ్యి మందికి పైన సచ్చిపోయిండ్రు.

గా ఊర్లకు, సముద్రానికి నడుమ ఇప్పుడు నిలవడ్డది మడ అడవి. కోరంగి అభయారణ్యం 235 చదరపు కిలోమీటర్లు, 1978ల అయింది. తెల్లమడ, నల్లమడ, తిల్ల చెట్లు ఉప్పుబురదల పెరుగుతయ్. బురదల గాలి ఉండదు గనుక మడ చెట్ల ఏర్లు పెన్సిళ్ల లెక్క మీదికి పొడుసుకొచ్చి గాలి పీల్చుకుంటయ్. చేపలు, రొయ్యలు, పీతలు ఆ ఏర్ల నడుమనే పిల్లలవుతయ్, చేపలు పట్టుకు తినే బావురుపిల్లి ఆడనే తిరుగుతది. మడ ఉప్పెనను ఆపదు, దాని బలం తగ్గిస్తది. చెక్కల బాట మీద నడుసుకుంట చూడొచ్చు. మేం పోయినం గని, నిజం చెప్పాలంటే, బురదల దిగవడ్డంకనే దాన్ని కండ్లతోని చూసినం.

మడ నిలవడేది ఒండ్రు మట్టి మీద. గా మట్టి యాడికెళ్లి వస్తది? మనకాడికెళ్లే. నాసిక్ దిక్కు త్రయంబకంల పుట్టి 1465 కిలోమీటర్లు పారుకుంట గోదారి మోసుకొచ్చిన మట్టితోనే కోనసీమ, యానాం, ఈ మడలు అన్నీ అయినయ్. ఇప్పుడు ఆ మట్టి నడుమనే ఆగుతున్నది. 112 టీఎంసీల లెక్కన కట్టిన మన శ్రీరాంసాగర్‌ల పూడిక పేరుకోని ఇప్పుడు 80 టీఎంసీల చిల్లరనే పడుతున్నయ్. మనకు గది నీళ్ల నష్టం. కింద వాళ్లకు నేల నష్టం. కాకినాడ అవతల ఉప్పాడల సముద్రం రోడ్డును, ఇండ్లను కోసుకుంట వస్తున్నది. దానికి కారణాలు ఒక్కటి కాదు, గని నది తెచ్చే మట్టి తగ్గితే ఏ తీరమైనా బలహీనమైతది. ప్రాజెక్టులు వద్దని అంటలేను, మా పొలాలు గూడ కాలువ మీదనే ఉన్నయ్. పూడిక ముచ్చట వచ్చినప్పుడు మన టీఎంసీలే కాదు, కింది ఊర్లు గూడ యాదికుండాలె అంటున్న.

పోయేటోళ్లకు నాలుగు మాటలు

పోవద్దని చెప్తలేను, పోర్రి. మందు తాగి మాత్రం నది ఒడ్డుకు పోవద్దు. అగ్గువకు దొరికిందని సీసాలు సంచిల పెట్టుకోని ఆంధ్రలకు దాటిస్తే కేసైతది. పడవ ఎక్కితే లైఫ్ జాకెట్ చేతుల పట్టుకునుడు కాదు, ఒంటికి కట్టుకోవాలె. జాకెట్లు ఇయ్యనోని పడవ, కిక్కిరిసిన పడవ ఎక్కద్దు. ఖాళీ నీళ్ల సీసాలు మడలల్ల ఇసిరేస్తే గాలి పీల్చే ఏర్ల నడుమ ఇరుకుతయ్, ఎనకకు తెచ్చుకోర్రి. వానకాలం పోతే పులస ధర అడిగి చూడుర్రి. సముద్రంల ఇలస అనే చేపనే ఎర్రనీళ్లకు ఎదురీది గోదాట్లకు వచ్చినంక పులస అయితది, ధర ఇంటే కండ్లు తిరుగుతయ్.

మా వాని వీడియో ఇంక ఫోన్లనే ఉన్నది, యాడ పెట్టలే. ముందుగాల మా నవ్వు ఇనవడుతది, తర్వాత తాత కేక. వచ్చే ముందు ఆయనకు పైసలిస్తే తీసుకోలే. "ఈసారొచ్చినప్పుడు దిగేముందు అడగండి బాబూ, పోటా పాటా అని. ఎవరైనా చెప్తారు, ఆయ్" అన్నడు. గా ఒక్క ప్రశ్న అడుగుతానికి మాకు ఈత రావాల్సిన పని లేకుండె. నోరు తెరిస్తే అయిపోయేది.