మోదుగ ఆకులు రాల్చాకే ఎందుకు పూస్తుంది?

శివరాత్రికి కురవి వీరభద్రస్వామి జాతర జరిగే రోజుల్లోనే మహబూబాబాద్ జిల్లా చెలకల్లో, అడవుల్లో మోదుగలు పూయడం మొదలవుతుంది. ఆదివారం అమ్మానాన్నలతో అటు వెళ్లి చూడండి. కొమ్మకు ఆకు ఉండదు, చెట్టంతా కాషాయపు ఎరుపే. ఎందుకలా?

ఎండలు ముదిరేకొద్దీ నేలలో తడి తగ్గుతుంది. ఆకులుంటే వాటి సన్నని రంధ్రాల గుండా నీళ్లు ఆవిరైపోతాయి. అందుకే చెట్టు వాటిని రాల్చేస్తుంది. ఆకుల చాటు లేక పూలు దూరం నుంచే పిట్టల కంట పడతాయి.

రాలిన పువ్వొకటి తీసి దగ్గరగా చూడండి. నల్లని నూగు తొడిమ, రామచిలుక ముక్కులా వంగిన రేకు. పుప్పొడి ఆ ముక్కులోనే దాగుంటుంది, తేనె అడుగున ఉంటుంది. వాసన దాదాపు ఉండదు. పిట్టలను పిలవడానికి రంగు చాలు! తేనెపిట్టో గోరింకో, ఒక్కోసారి ఉడుతో తేనె కోసం మూతి పెడితే పుప్పొడి అంటుకుని మరో పువ్వుకు చేరుతుంది. అప్పుడే కాయ కడుతుంది. పలుచని ఆ కాయ చివర ఒక్కటే గింజ. గాలి దాన్ని మోసుకెళ్తుంది.

హోలీ రంగుకు రాలిన పూలే ఏరుకోండి. కొమ్మ మీదివి పిట్టలకు వదిలేయండి.