ప్రేవుల క్షయను గుర్తించుట ఎట్లు?

క్షయ అనగానే దగ్గు, కళ్లె, ఊపిరితిత్తులు మనకు జ్ఞప్తికి వచ్చును. కాని దగ్గు లేకయే, రొమ్ము ఎక్స్-రేలో ఏ దోషమును కనిపించకయే, క్షయ ప్రేవులలో దాగి యుండవచ్చును. మరి దానిని కనుగొనుట ఎట్లు?

మదనపల్లె సమీపమున ఆరోగ్యవరములో 1915లో క్షయరోగుల చికిత్సాలయమును తెరచిరి. డెన్మార్కు దేశీయుడగు డాక్టర్ ఫ్రిమాట్ మోలర్ దాని తొలి వైద్యాధికారి. ఆనాటికి క్షయను నయముచేయు మందులు లేవు. విశ్రాంతి, మంచి గాలి, పుష్టికరమైన ఆహారము, ఇవే చికిత్స. ఆ దినములలో ఊపిరితిత్తుల క్షయ ముదిరిన పెక్కుమందికి ప్రేవులు కూడ చెడెడివి. రోగి తన కళ్లెను తానే మ్రింగుట ఇందుకు ముఖ్యకారణము. క్షయ క్రిమికి మైనము వంటి పొర ఉండుటచే జీర్ణాశయములోని ఆమ్లము దానిని సులభముగా చంపజాలదు.

మరియొక దారి పాలు. పుంగనూరు అనగానే పొట్టి ఆవులు తలపునకు వచ్చును. ఏ జాతి ఆవుకైనను క్షయ సోకినచో, దాని పచ్చిపాల ద్వారా క్రిములు మన ప్రేవులను చేరవచ్చును. పాలు కాచి త్రాగు అలవాటు ఈ దారిని మూసివేయును.

చిన్నప్రేవు పెద్దప్రేవుతో కలియు చోటు పొట్టకు కుడివైపు క్రిందుగా ఉన్నది. అచ్చట ఆహారము కొంతసేపు నిలుచును. క్రిములు తరచుగా అచ్చటనే స్థిరపడి పుండ్లు కలిగించును. పుండ్లు మాని మచ్చకట్టినచో ప్రేవు ఇరుకగును. కడుపునొప్పి, సాయంకాలపు జ్వరము, బరువు తగ్గుట, విరేచనములు దీని లక్షణములు.

చిక్కు ఇచ్చటనే ఉన్నది. 1932లో న్యూయార్కు వైద్యులు వర్ణించిన క్రోన్ వ్యాధి కూడ ఇంచుమించుగా ఇట్లే ఉండును. దానికి వాడు స్టీరాయిడ్లు శరీర రక్షణశక్తిని తగ్గించును. పొరపాటున క్షయరోగికి వానిని మాత్రమే ఇచ్చినచో క్షయ విజృంభించును. ఆరోగ్యవరములోనైనను, కుప్పము వైద్యకళాశాలలోనైనను, వైద్యుని ఎదుటనున్న ప్రశ్న ఇదియే.

అందుచే పెద్దప్రేవులోనికి సన్నని గొట్టపు దర్శినిని పంపి, పుండునుండి చిన్న ముక్కలు తీయుదురు. ఒక ముక్కను సూక్ష్మదర్శినిలో చూతురు; నడుమ జున్నువలె చివికిన కణజాలపు ముద్దలు కనిపించినచో క్షయ అనుటకు బలము చేకూరును. మరియొక దానిలోని క్రిములను పెంచి చూతురు. క్రిమి జన్యుపదార్థమునకై కూడ పరీక్షింతురు. ప్రేవులలో క్రిములు కొలదిగా ఉండుటచే, అవి దొరకనంత మాత్రమున క్షయ లేదనరాదు. ఎటూ తేలనిచో క్షయ మందులిచ్చి, సుమారు 2 నెలల పిదప మరల దర్శినితో చూతురు. పుండ్లు మానినచో అదియే మంచి సాక్ష్యము.

చికిత్స సాధారణముగా 6 నెలలు. ప్రభుత్వము మందులను ఉచితముగా ఇచ్చుచున్నది. నడుమ మానరాదు. రొమ్ము ఎక్స్-రే బాగున్నదని, వారములు గడచినను తగ్గని కడుపునొప్పిని, జ్వరమును ఉపేక్షింపరాదు. ఒక్క పరీక్షతో తేలని నిజము, పలు సాక్ష్యములు కలిసినపుడు తేలును.